కీళ్ళవాతానికి వేసుకునే మాత్రే బ్లడ్ క్యాన్సర్‌కూ ఎలా పనిచేస్తుంది? మెథోట్రెక్సేట్ గురించి

మీరు అడిగింది ఇది. మీ అక్క కొడుకు, ఆరేళ్ళ బాబుకి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, అంటే ఏఎల్‌ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్. మొదటి దశల కీమో అయింది. ఇప్పుడు హై డోస్ మెథోట్రెక్సేట్ కోసం అడ్మిట్ అవ్వమన్నారు. మీ అమ్మగారు కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునేదీ ఇదే మందు. ఒకే మందు రెండు జబ్బులకీ ఎలా పనిచేస్తుంది, అంత డోసు ఎక్కించి తర్వాత విరుగుడు ఇవ్వడమేంటి, ఇంకా ఏయే క్యాన్సర్లకి వాడతారు అని అడిగారు.

నేను పిల్లల క్యాన్సర్ వార్డులో చాలా ఏళ్ళుగా క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఈ మందు డోసు లెక్క సరిచూడడం, సెలైన్‌లో కలిపి సిద్ధం చేయడం, రక్తంలో మందు లెవెల్ చూసి విరుగుడు ఎంత ఇవ్వాలో డాక్టర్లతో మాట్లాడడం నా రోజువారీ పని. బాబు డోసు విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే ఆఖరు. ఇక్కడ రాసేది ఆ మాటలు మీకు అర్థం కావడానికి.

మందు ఒకటే. తేడా అంతా ఎంత ఇస్తారు, ఎంతసేపు ఇస్తారు, ఎప్పుడు అడ్డుకట్ట వేస్తారు అన్నదాంట్లోనే ఉంది. అందుకే ఇంట్లోవాళ్ళకి మొదటి రోజే చెప్తాను: మిల్లీగ్రాముల లెక్క మీకు తెలియకపోయినా పర్లేదు, టైము మాత్రం తెలిసి ఉండాలి.

ఒక కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏకి ఇంకో కాపీ తయారుచేసుకోవాలి. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో థైమిన్ ఒకటి. దాని తయారీకి ఫోలేట్ తప్పనిసరి. ఫోలేట్ అంటే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే బి విటమిన్. గర్భిణులకి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా ఆ కుటుంబానిదే. థైమిన్ తయారయ్యే చోటికి ఫోలేట్ ఒక చిన్న కార్బన్ ముక్కని మోసుకొచ్చి ఇచ్చేస్తుంది. ఇచ్చాక తను ఖాళీ అయిపోతుంది, మళ్ళీ నింపితే తప్ప పనికిరాదు.

దీన్ని గ్యాస్ బండతో పోల్చి చెప్తే ఇంట్లోవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. ఖాళీ బండ వెనక్కి వెళ్ళి నిండి రావాలి. కణంలో ఆ నింపే పని చేసే ఎంజైమ్ పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మెథోట్రెక్సేట్ చూడ్డానికి దాదాపు ఫోలిక్ యాసిడ్‌లాగే ఉంటుంది. అణువులో రెండుచోట్ల మాత్రమే చిన్న మార్పు. ఆ పోలిక వల్ల ఎంజైమ్ దాన్ని రానిస్తుంది, ఆ మార్పు వల్ల ఇక వదలలేదు. అసలు ఫోలేట్‌ కంటే ఎన్నో రెట్లు గట్టిగా అతుక్కుపోతుంది. నింపే చోటు మూతపడుతుంది. కణంలో ఖాళీ బండలు పేరుకుపోతాయి, నిండువి అయిపోతాయి. థైమిన్ తయారీ ఆగుతుంది, డీఎన్ఏలోని ఇంకో రెండు అక్షరాల తయారీ కూడా దెబ్బతింటుంది. కాపీ మధ్యలో ఉన్న కణం అక్కడే ఇరుక్కుని చచ్చిపోతుంది.

కాపీ మధ్యలో ఉన్న కణం అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆ సమయంలో డీఎన్ఏ రాసుకోని కణానికి ఈ మందు పెద్దగా హాని చేయదు. ల్యుకేమియా కణాలన్నీ ఒకేసారి కాపీ రాసుకోవు, కొన్ని ఇవాళ, కొన్ని రేపు. అందుకే మందుని ఒక్కసారిగా ఇచ్చి వదిలేయకుండా 24 గంటలపాటు మెల్లగా ఎక్కిస్తారు. ఏ గంటలో ఏ కణం కాపీ మొదలుపెట్టినా మందు అక్కడ ఉండాలి.

ఇంకో సంగతి. కణంలోకి వెళ్ళిన మెథోట్రెక్సేట్‌కి కణమే గ్లూటమేట్ అనే ముక్కలు ఒకదాని వెనక ఒకటి తగిలిస్తుంది. ఆ తోక పెరిగేకొద్దీ మందు బయటికి రాలేదు. పిల్లల్లో వచ్చే బి రకం ఏఎల్‌ఎల్ కణాలు ఈ పని బాగా చేస్తాయి, అంటే తమకి హాని చేసే మందుని తామే లోపల దాచుకుంటాయి. టి రకం కణాల్లో ఇది తక్కువ, అందుకే వాటికి సాధారణంగా ఇంకా ఎక్కువ డోసు అవసరమవుతుంది. మామూలు కణాల్లోనూ ఈ తోక అంతగా పెరగదు. విరుగుడు ఇచ్చినప్పుడు మంచి కణాలు తేరుకుని, ల్యుకేమియా కణాలు తేరుకోలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు మీ అమ్మగారి మాత్ర సంగతి. కీళ్ళవాతానికి వారానికి ఇచ్చేది సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఆరేళ్ళ బాబుకి హై డోస్ అంటే గ్రాముల్లో ఉంటుంది. ఒంటి వైశాల్యం 0.8 చదరపు మీటర్లు అనుకుంటే, చదరపు మీటరుకి 3 గ్రాముల చొప్పున 2,400 మిల్లీగ్రాములు, 5 గ్రాముల చొప్పున 4,000 మిల్లీగ్రాములు. అమ్మగారి డోసులో కణాలని చంపే పని దాదాపు లేదు. అక్కడ కణాల బయట అడినోసిన్ అనే పదార్థం పెరిగి వాపుని తగ్గిస్తుంది, రోగనిరోధక కణాల దూకుడు తగ్గుతుంది. కాబట్టి అమ్మగారు క్యాన్సర్ మందు వేసుకుంటున్నానని భయపడాల్సిన పనిలేదు. అలాగని ఆ మాత్రని తేలిగ్గా తీసుకోకూడదు కూడా, దాని గురించి కింద చెప్తాను.

విరుగుడు పేరు ల్యూకోవోరిన్. ఫోలినిక్ యాసిడ్ అని కూడా అంటారు. ఇది ముందే నిండి వచ్చిన బండ. ఆ ఎంజైమ్ పనిచేయకపోయినా కణానికి నేరుగా ఉపయోగపడుతుంది. ఫోలిక్ యాసిడ్ అలా కాదు, అది ఖాళీ బండే. నింపే చోటు మూసి ఉన్నప్పుడు ఎన్ని ఖాళీ బండలు పంపినా పొయ్యి వెలగదు. పేర్లు దగ్గరగా ఉండడంతో, ఫోలినిక్ దొరక్కపోతే ఫోలిక్ వేస్తే సరిపోతుంది కదా అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. సరిపోదు. ఒకదాని బదులు ఇంకోటి ప్రాణాల మీదకి తెస్తుంది.

ల్యూకోవోరిన్‌ని మందు మొదలైన వెంటనే ఇవ్వరు. ప్రోటోకాల్‌ని, అంటే చికిత్స ప్రణాళికని బట్టి 36వ గంట దగ్గరో, 42వ గంట దగ్గరో మొదలుపెట్టి ఆరు గంటలకోసారి ఇస్తారు. మరీ ముందు ఇస్తే క్యాన్సర్ కణాలూ బతికిపోతాయి. ఆలస్యమైతే నోటి లోపలి పొర, పేగు పొర, ఎముక మజ్జ దెబ్బతింటాయి, ఎందుకంటే ఒంట్లో వేగంగా విభజన చెందే మామూలు కణాలు అక్కడే ఎక్కువ. అర్ధరాత్రి రెండింటికి డోసు ఉంటే బాబు నిద్రపోతున్నాడని వదిలేయకూడదు. నర్సు రావడం ఆలస్యమైతే వెళ్ళి అడగండి, మొహమాటం వద్దు.

వార్డులో ఏం జరుగుతుందో కూడా చెప్తాను, ముందే తెలిస్తే అక్కకి సగం టెన్షన్ తగ్గుతుంది. మందు ఎక్కించడానికి కొన్ని గంటల ముందే సెలైన్ మొదలవుతుంది, దాంట్లో సోడియం బైకార్బొనేట్ కలిపి ఉంటుంది. రోజుకి చదరపు మీటరుకి దాదాపు 3 లీటర్ల ద్రవం వెళ్తుంది. కారణం, ఈ మందులో ఎక్కువ భాగం కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. మూత్రం ఆమ్లంగా ఉంటే మందు కరగక కిడ్నీ నాళాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. మూత్రం పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6 నుంచి 7కి పెరిగితే మందు కరిగే శక్తి ఐదు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే పీహెచ్ 7 దాటాకే మందు మొదలుపెడతారు.

ఆ పీహెచ్ చూసేది చాలాచోట్ల తల్లులే. బాబు మూత్రం పోసిన ప్రతిసారీ సన్నటి కాగితపు పట్టీ ముంచి, రంగుని డబ్బా మీదున్న చార్టుతో పోల్చి, కాగితం మీద టైము, కొలత, పీహెచ్ రాస్తారు. రాత్రిపూట సెల్‌ఫోన్ లైటు వేసుకుని ఆకుపచ్చా నీలమా అని పట్టీని తిప్పి తిప్పి చూసే తల్లుల్ని రోజూ చూస్తాను. పెద్దగా చదువుకోని అమ్మలు కూడా రెండోసారి మందు ఎక్కించేటప్పటికల్లా, సిస్టర్, పీహెచ్ ఆరున్నరకి పడిపోయింది, బైకార్బ్ పెంచాలేమో అని వాళ్ళే చెప్తారు. ఆ కాగితాన్ని మేం నిజంగా చూస్తాం, దాన్ని బట్టే ద్రవాలు మారుస్తాం. కాబట్టి అక్కని శ్రద్ధగా రాయమనండి. మందు చిక్కటి పసుపు రంగులో ఉంటుంది. మూత్రం పచ్చగా వస్తే కామెర్లేమో అని కంగారుపడొద్దు.

రక్తంలో మందు లెవెల్ 24, 42, 48 గంటల దగ్గర, అవసరమైతే ఆ తర్వాత కూడా చూస్తారు. సంఖ్య 0.1 మైక్రోమోలార్ లాంటి చిన్న స్థాయికి దిగేదాకా ల్యూకోవోరిన్ ఆగదు, ఇంటికి పంపరు. కచ్చితమైన కటాఫ్ ఆసుపత్రిని బట్టి కొంచెం మారుతుంది. లెవెల్ దిగడం ఆలస్యమైతే విరుగుడు డోసు పెంచుతారు, ఇంకో రెండు మూడు రోజులు ఉంచుతారు. ఇది తరచూ జరిగేదే. కిడ్నీ బాగా దెబ్బతిని లెవెల్ ప్రమాదకరంగా ఉండిపోయిన అరుదైన సందర్భాల్లో మందుని రక్తంలోనే ముక్కలుచేసే గ్లూకార్పిడేజ్ అనే ఎంజైమ్ ఉంది. 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. చాలా ఖరీదు, మన దగ్గర దొరకడం కష్టం. ఆ అవసరం రాకుండా చూసుకోవడానికే ఈ సెలైన్లు, ఈ పట్టీలు.

మందు బయటికి పోకుండా అడ్డుపడేవి కొన్ని ఉన్నాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు, కొన్ని పెన్సిలిన్ యాంటీబయాటిక్‌లు. ఏఎల్‌ఎల్ పిల్లలకి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా వారంలో రెండు మూడు రోజులు కోట్రైమోక్సజోల్ ఇస్తారు, సెప్ట్రాన్ అంటే గుర్తుపడతారు. అది కూడా ఫోలేట్ మార్గంలోనే అడ్డుపడుతుంది. హై డోస్ చుట్టుపక్కల రోజుల్లో దాన్ని ఆపమంటారు. ఎప్పుడు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అని డాక్టర్ని అడిగి రాసుకోండి. కూల్‌డ్రింకులు, సి విటమిన్ మాత్రలు ఆ వారం వద్దు. ఎవరో ఇచ్చిన ఆకు పసర్లు, రక్తం పట్టే టానిక్‌లు అసలే వద్దు. చాలా టానిక్‌లలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది.

వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ కూడా చాలాసార్లు ఇదే మందు. మామూలు డోసులో మెథోట్రెక్సేట్ రక్తం నుంచి మెదడుకి తగినంత చేరదు, ల్యుకేమియా కణాలేమో అక్కడ దాక్కోగలవు. అందుకే మూడేళ్ళు దాటిన పిల్లలకి 12 మిల్లీగ్రాములు నేరుగా వెన్ను ద్రవంలోకి ఇస్తారు, తర్వాత కాసేపు తల ఎత్తకుండా పడుకోబెడతారు. హై డోస్ ఇవ్వడానికి ఒక కారణం కూడా ఇదే, అంత డోసులో మందు మెదడులోకి, వృషణాల్లోకి చేరుతుంది. కొద్దిమంది పిల్లల్లో వెన్ను ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులకి మాట తడబడడం, ఒక పక్క బలహీనత, ఫిట్స్ రావచ్చు. ఎక్కువమంది తేరుకుంటారు, కానీ అలాంటిది కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్ళాలి.

ఈ మందు వెనక మన భీమవరంలో పుట్టిన మనిషి ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడ పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదువుకున్నారు. ఇద్దరు సోదరుల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది, ఆయనకీ ఆ జబ్బు వచ్చి తగ్గింది. 1920ల్లో బోస్టన్ వెళ్ళారు, హార్వర్డ్‌లో పనిచేశారు, 1940లో మందుల కంపెనీ లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి మారారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945 ప్రాంతంలో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. అది స్ప్రూకి మందయింది. అంతకుముందు 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గడం గమనించారు. తర్వాత తేలిందేమంటే, అందులో పనిచేసింది ఫోలేటే.

రక్తహీనతకి పనిచేసింది కదా అని బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్‌కి సంబంధించిన పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. అయితే ఫోలేట్‌ని అడ్డుకుంటే జబ్బు ఆగాలి కదా అన్నది తర్వాతి ఆలోచన. అడ్డుకునే పదార్థాలు పంపింది సుబ్బారావు గారి బృందమే. వాటిలో అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మంది మెరుగుపడ్డారని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించారు. ఆ మెరుగు కొన్ని నెలలే నిలిచింది, నయం కాలేదు. కానీ అప్పటిదాకా వారాల్లో చనిపోయే పిల్లలు లేచి ఆడుకోవడం వైద్యులు చూశారు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు 53 ఏళ్ళకి న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కి దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. అదీ లెడర్లీలోనే తయారైంది. విషప్రభావాన్ని అంచనా వేసి అదుపు చేయడం తేలిక కాబట్టి 1950ల్లో అదే నిలబడింది. భీమవరం నుంచి, ఏలూరు నుంచి వచ్చిన తల్లిదండ్రులకి ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ ముఖంలో మార్పు చూస్తాను. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకి ఇంకా ఎక్కువ చోటు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇంకా ఏయే క్యాన్సర్లకి అంటే, మొదట చెప్పాల్సింది గర్భసంచిలో మావి కణాల నుంచి వచ్చే కోరియోకార్సినోమా. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌తో దాన్ని తగ్గించారు. కీమోతో నయమైన మొదటి గడ్డ క్యాన్సర్‌గా దాన్ని చెప్తారు. ముత్యాల గర్భం (మావి కణాలు బుడగల గుత్తిలా పెరిగే గర్భం) తీసేశాక గర్భపు హార్మోన్ హెచ్‌సీజీ దిగకుండా ఉండిపోయినవాళ్ళకి, రిస్క్ తక్కువైతే, ఇప్పటికీ ఈ ఒక్క మందుతోనే చాలామందికి నయమవుతుంది. ఎముకల్లో వచ్చే ఆస్టియోసార్కోమాకి చదరపు మీటరుకి 12 గ్రాములు ఇస్తారు, డాక్సోరూబిసిన్, సిస్ప్లాటిన్‌తో కలిపి. ఆ కణాల్లోకి మందు మామూలుగా సరిగ్గా వెళ్ళదు కాబట్టి అంత డోసు. మెదడులో మొదలయ్యే లింఫోమాకి (లింఫ్ కణాల క్యాన్సర్‌కి) హై డోస్ మెథోట్రెక్సేటే చికిత్సకి వెన్నెముక. బర్కిట్ లింఫోమాలో కూడా వాడతారు. రొమ్ము క్యాన్సర్‌లో సీఎంఎఫ్ అనే పాత మందుల కలయికలో ఎం అంటే ఇదే, ఇప్పుడు దాని వాడకం తగ్గింది. నోటి క్యాన్సర్ ముదిరిపోయి ఆపరేషన్‌కి వీలుకానివాళ్ళకి వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలెకోక్సిబ్ మాత్రలతో ఇచ్చే చౌకైన పద్ధతిని ముంబైలోని టాటా మెమోరియల్ వాళ్ళు పరీక్షించి మంచి ఫలితాలు చూపించారు. గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్లు ఇంత ఎక్కువగా ఉన్న మన దేశానికి అది చాలా విలువైన పని.

హై డోస్ అయ్యాక ముందు ముందు మెయింటెనెన్స్ దశ వస్తుంది. అక్కడ మెర్కాప్టోప్యూరిన్ అనే ఇంకో కీమో మందు రోజూ, మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజు. 2.5 మిల్లీగ్రాముల చిన్న పసుపు మాత్రలు, బాబుకి ఒకేసారి ఐదారు వేయాల్సి రావచ్చు. వారానికోసారి వేయాల్సిన మాత్రల్ని రోజూ అనుకుని వేసేయడం ఈ మందుతో జరిగే అతిపెద్ద ప్రమాదం. మనుషులు చనిపోయారు కూడా. ఒక రోజు నిర్ణయించుకోండి, గురువారమో ఆదివారమో, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీలకి సున్నా చుట్టండి, వేశాక టిక్ పెట్టండి. ఈ దశలో బాబు బాగానే ఆడుకుంటాడు, జుట్టు వస్తుంది. బాగున్నాడు కదా అని మాత్రలు మానేసిన ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం చూసి ఎంత బాధపడ్డానో చెప్పలేను.

మీ ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తారు. ఏఎల్‌ఎల్ బాబుకి డాక్టర్ చెప్పకుండా ఫోలిక్ యాసిడ్ ఇవ్వకూడదు. అమ్మగారి మాత్రలు, బాబు మాత్రలు వేర్వేరు డబ్బాల్లో, వేర్వేరు గదుల్లో పెట్టండి. అమ్మగారు ఫోలిక్ యాసిడ్ అనుకుని మెథోట్రెక్సేట్‌ని రోజూ వేసుకుంటే మొదట కనిపించేది నోటిపూత. అలా నోరు పూస్తే ముందు ఆ మాత్ర ఆపి, అదే రోజు రక్తపరీక్షకి తీసుకెళ్ళండి. ఇంట్లో గర్భిణులు ఎవరైనా ఉంటే ఈ మాత్రల్ని చేత్తో ముట్టుకోకూడదు. హై డోస్ తర్వాత రెండు రోజులు బాబు మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు ఎవరైనా సరే గ్లోవ్స్ వేసుకోవాలి.

డిశ్చార్జ్ అయ్యాక వారం పది రోజుల్లో తెల్లకణాలు తగ్గే అవకాశం ఉంది. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తగ్గుతుందేమో అని చూస్తూ కూర్చోవద్దు. ఎంత రాత్రయినా బాబు చికిత్స జరుగుతున్న ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. దూరం ఎక్కువైతే దగ్గర్లో మొదటి యాంటీబయాటిక్ ఎక్కడ ఇవ్వగలరో డిశ్చార్జ్ రోజే అడిగి, ఆ చిరునామా, ఫోన్ నంబరు ఫైలు మొదటి పేజీలో రాయించుకోండి.